బడి నుంచి ఓటు దాకా: టస్కీగీ పట్టణం, దాని ప్రముఖులు

టస్కీగీ అమెరికా దక్షిణ భాగాన, అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీకి కేంద్రమైన చిన్న పట్టణం. రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీకి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం పదివేల లోపే. అయినా వ్యవసాయ శాస్త్రం, వైమానిక దళం, వైద్య నీతి, రాజ్యాంగ న్యాయం, సాహిత్యం, సంగీతం - వీటిలో దేని చరిత్ర తిరగేసినా ఈ ఊరి పేరు కనబడుతుంది. అందుకు మూలం 1881లో మొదలైన ఒక బడి. ఆ బడి ఓట్ల ఒప్పందంతో పుట్టింది. ఇరవై ఏళ్లకు ఆ ఓటే చేజారింది. మరో అరవై ఏళ్లకు దాన్ని తిరిగి సాధించినవాళ్లలో ముందు నిలిచింది ఆ బడి పంతుళ్లే. టస్కీగీ ప్రముఖుల జీవితాలు చాలావరకు ఈ బడికీ ఆ ఓటుకూ నడుమ సాగినవే.

ముస్కోగీల నేల

ఐరోపా సంతతివారు రాకముందు ఈ ప్రాంతం క్రీకులు అని కూడా పిలిచే ముస్కోగీ జనానిది. పట్టణం పేరు కూడా వాళ్ల ఊరి పేరు నుంచి వచ్చిందే. సెమినోల్ నాయకుడు ఓసియోలా సుమారు 1804లో ఇక్కడికి దగ్గరలోని ఒక క్రీక్ గ్రామంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లితో ఫ్లోరిడాకు వలసపోయి, సెమినోల్ జనాన్ని సొంత నేల నుంచి వెళ్లగొట్టాలన్న అమెరికా ప్రభుత్వ ప్రయత్నాన్ని ఆయుధం పట్టి ఎదిరించాడు. 1837లో సంధి జెండా కింద చర్చలకు వచ్చిన అతణ్ని సైన్యం బంధించింది. మరుసటి ఏడు జనవరిలో దక్షిణ కరొలైనాలోని కోటలో బందీగానే చనిపోయాడు.

1832 ఒప్పందంతో క్రీకుల భూములు చేజిక్కాక, 1833లో జనరల్ థామస్ వుడ్‌వర్డ్ టస్కీగీ పట్టణాన్ని నెలకొల్పాడు. చుట్టూ పత్తి పండే భూములు. తోటల యజమానులు తెల్లవాళ్లు, పని చేసేవాళ్లు బానిసలైన నల్లవాళ్లు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయినా భూమి మాత్రం చేతులు మారలేదు. విముక్తులైనవాళ్లు అవే పొలాల్లో పాలుకు సేద్యం చేస్తూ, విత్తనాలకూ తిండిగింజలకూ అప్పు చేసి, ఆ అప్పులోనే బతుకు వెళ్లదీశారు.

ఓట్లకు బదులు బడి

విముక్తి తర్వాత నల్లజాతి మగవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. మేకన్ కౌంటీలో వాళ్ల సంఖ్య ఎక్కువ కాబట్టి ఆ ఓట్లకు విలువ ఉండేది. ఈ విలువను గుర్తెరిగినవాడు లూయిస్ ఆడమ్స్. బానిసగా పుట్టి, బడికి వెళ్లకుండానే చదవడం, రాయడం నేర్చుకున్నాడు. రేకుపని, చెప్పులు కుట్టడం, గుర్రాలకు తోలు పట్టీలు చేయడం ఆయన వృత్తులు. 1880 ఎన్నికల్లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసిన డబ్ల్యూ. ఎఫ్. ఫాస్టర్ నల్లజాతి ఓట్ల కోసం ఆడమ్స్ దగ్గరికి వచ్చాడు. బదులుగా ఏం కావాలని అడిగితే ఆడమ్స్ తన జనానికి ఒక బడి కావాలన్నాడు. ఫాస్టర్ గెలిచి మాట నిలబెట్టుకున్నాడు. 1881లో అలబామా శాసనసభ టస్కీగీలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల కోసం ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది. ఆ సొమ్ము పంతుళ్ల జీతాలకే. భవనానికి గానీ, స్థలానికి గానీ ఒక్క డాలరూ లేదు.

ఆడమ్స్‌తో చేయి కలిపిన జార్జ్ కాంప్‌బెల్ వ్యాపారి, బ్యాంకరు, ఒకప్పుడు బానిసల యజమాని. బడికి తగిన పెద్దను చూపమని పాలకమండలి వాళ్లు వర్జీనియాలోని హాంప్టన్ విద్యాసంస్థ అధిపతి శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు రాశారు. తెల్లవాడినెవరినైనా పంపుతాడని వాళ్లు ఎదురుచూస్తే, ఆయన తన దగ్గర చదువుకున్న నల్లజాతి యువకుడు బుకర్ టి. వాషింగ్టన్ పేరు చెప్పాడు. వాషింగ్టన్ 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. ఉప్పు బట్టీల్లో, బొగ్గు గనుల్లో పనిచేసి, చాలా దూరం కాలినడకన సాగి హాంప్టన్ చేరి చదువుకున్నాడు. టస్కీగీకి వచ్చేనాటికి ఆయనకు 25 ఏళ్లు.

1881 జులై 4న బట్లర్ చాపెల్ అనే నల్లజాతి చర్చి పక్కన, కూలడానికి సిద్ధంగా ఉన్న గుడిసెలో 30 మందితో బడి మొదలైంది. వాన పడితే ఒక విద్యార్థి లేచి పంతులుకు గొడుగు పట్టేవాడు. అలా పాఠం సాగేది.

ఇటుకలు కాల్చిన విద్యార్థులు

కొద్ది నెలల్లోనే వాషింగ్టన్ ఊరి చివర పాడుబడ్డ 100 ఎకరాల తోటను 500 డాలర్లకు బేరమాడాడు. ముందుగా కట్టాల్సిన సగాన్ని హాంప్టన్ కోశాధికారి జేమ్స్ మార్షల్ సొంత డబ్బులోంచి అప్పుగా ఇచ్చాడు. మిగతాది విందులు, చందాల ద్వారా పోగుచేశారు. ఈ పని భుజాన వేసుకున్నది ఒలీవియా డేవిడ్‌సన్. తొలి ఏడాదే వచ్చి చేరిన ఈ ఉపాధ్యాయిని ఊళ్లో ఇంటింటికీ తిరిగి, ఉత్తరాది నగరాలకు వెళ్లి విరాళాలు తెచ్చింది. తర్వాత వాషింగ్టన్‌ను పెళ్లాడి, 1889లో చిన్న వయసులోనే మరణించింది. వాషింగ్టన్ మూడో భార్య మార్గరెట్ మర్రే వారం వారం పల్లెటూరి తల్లులకు సమావేశాలు నడిపింది. జాతీయ నల్లజాతి మహిళా సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేసింది.

భవనాలకు ఇటుకలు కావాలి, ఊళ్లో ఇటుకల బట్టీ లేదు. విద్యార్థులే మట్టి తవ్వి, ఇటుకలు కోసి బట్టీ పేర్చారు. వరసగా మూడు బట్టీలు చెడిపోయాయి. చేతిలో పైసా లేక వాషింగ్టన్ తన గడియారాన్ని మాంట్‌గోమరీలో 15 డాలర్లకు కుదువపెట్టి నాలుగో బట్టీ వేయించాడు. అది కాలింది. తర్వాతి కాలంలో ఒక్క ఏడాదిలో 12 లక్షల ఇటుకలు తయారయ్యే స్థాయికి ఆ పని పెరిగింది. ఊళ్లోని తెల్లవాళ్లూ ఇక్కడే కొనడం మొదలుపెట్టారు. చదువుతోపాటు చేతిపని నేర్పడం ఈ సంస్థ పద్ధతిగా స్థిరపడింది.

ఈ ఇటుకలకు రూపమిచ్చినవాడు రాబర్ట్ టేలర్. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1892లో పట్టా చేతికొచ్చాక టస్కీగీకి వచ్చి ప్రార్థనా మందిరం, వాషింగ్టన్ నివాసమైన ‘ది ఓక్స్’తో పాటు ఎన్నో భవనాలకు నమూనాలు గీశాడు. 1942లో, తాను కట్టిన ఆ మందిరంలోనే ప్రార్థనకు వచ్చి కుప్పకూలి మరణించాడు.

వాషింగ్టన్ పలుకుబడి, పోయిన ఓటు

1895 సెప్టెంబరులో అట్లాంటా ప్రదర్శనలో చేసిన ప్రసంగం వాషింగ్టన్‌ను దేశమంతటికీ పరిచయం చేసింది. నల్లజాతివాళ్లు ముందు వృత్తి నైపుణ్యం, ఆస్తి సంపాదించాలని, రాజకీయ హక్కుల కోసం తొందరపడవద్దని ఆయన అన్నాడు. ఈ మాట తెల్లవాళ్లకు నచ్చింది, ఉత్తరాది ధనికుల విరాళాలు వెల్లువెత్తాయి. 1901లో ఆయన ఆత్మకథ ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’ వెలువడింది. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిస్తే దక్షిణాది పత్రికలు అధ్యక్షుడి మీద మండిపడ్డాయి. దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీ 1903లో తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో వాషింగ్టన్ జీవితాన్ని ఆదర్శంగా చూపుతూ వ్యాసం రాశాడు.

ఆ 1901లోనే అలబామా కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. ఓటుకు పన్ను, అక్షరాస్యత పరీక్ష, ఆస్తి షరతు పెట్టి నల్లజాతివాళ్లను జాబితాల నుంచి తుడిచివేసింది. 1900లో రాష్ట్రంలో ఓటు వయసు వచ్చిన నల్లజాతి మగవాళ్లు 1,80,000 మందికి పైగా ఉండగా, 1903 నాటికి జాబితాలో మిగిలినవాళ్లు 3,000 లోపే. అదే ఏడు నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ తన ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ గ్రంథంలో వాషింగ్టన్ మార్గాన్ని ఎండగట్టాడు. ఓటు లేని జనం సంపాదించిన ఆస్తిని కాపాడుకోలేరన్నది ఆయన వాదన. వాషింగ్టన్ బయట మౌనంగా ఉన్నా, ఈ రాజ్యాంగాన్ని సవాలు చేసిన దావాలకు రహస్యంగా డబ్బు పంపాడు. ఆ సంగతి ఆయన పోయాక గానీ బయటపడలేదు. ఆ దావాలు సుప్రీంకోర్టులో ఓడిపోయాయి.

పల్లెబడుల విషయంలో మాత్రం ఆయన కృషి నేరుగా ఫలించింది. షికాగో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన సొమ్ముతో, ఊరివాళ్ల చందా, శ్రమ కలిపి టస్కీగీ పరిసరాల్లో ఆరు బడులు కట్టించారు. ఈ పథకం 15 రాష్ట్రాలకు విస్తరించి 1932 నాటికి దాదాపు 5,000 బడులు వెలిశాయి. 1915 నవంబరులో వాషింగ్టన్ మరణించేనాటికి టస్కీగీ సంస్థకు వందకు పైగా భవనాలు, సుమారు 1,500 మంది విద్యార్థులు ఉన్నారు.

కార్వర్, పొలం

1896లో వాషింగ్టన్ పిలుపు మీద వచ్చి, చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయినవాడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. మిస్సోరిలో సుమారు 1864లో బానిస తల్లికి పుట్టాడు. అయోవా వ్యవసాయ కళాశాలలో ఎం.ఎస్. పట్టా పొందాడు. టస్కీగీలో ప్రయోగశాల పరికరాలు లేకపోతే విద్యార్థులతో కలిసి చెత్తకుప్పల్లో సీసాలు, డబ్బాలు ఏరి తెచ్చి వాడుకున్నాడు.

ఏళ్ల తరబడి పత్తే వేయడంతో నేల సారం కోల్పోయింది. దానికి తోడు పత్తి కాయలను తొలిచే ముక్కుపురుగు పంటలను నాశనం చేసింది. బొబ్బర్లు, వేరుశనగ లాంటి కాయధాన్యాలు నేలకు నత్రజని చేరుస్తాయని, పత్తితో మార్చి మార్చి వేయమని కార్వర్ రైతులకు చెప్పాడు. పండిన పంట అమ్ముడుపోక ఇంట్లో మిగిలితే వాడుకునే దారీ ఆయనే చూపాడు. 1916లో వేరుశనగ సాగు విధానాన్నీ, దానితో చేసుకునే 105 రకాల వంటకాలనూ వివరిస్తూ చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు వేరుశనగ ఉత్పత్తులను ప్రదర్శించాక ఆయన కీర్తి దేశమంతా పాకింది. పీనట్ బటర్‌ను కనిపెట్టింది ఆయనేనని ప్రచారంలో ఉన్నా అది నిజం కాదు. అప్పులో కూరుకుపోయిన సన్నకారు రైతులకు విత్తనం నుంచి వంటగది దాకా పనికొచ్చే విజ్ఞానాన్ని వాళ్ల మాటల్లో అందించడమే ఆయన చేసిన పెద్ద పని.

బడికి రాలేని రైతు దగ్గరికి బడే వెళ్లాలని 1906లో ‘జెసప్ వాగన్’ అనే గుర్రపు బండిని పనిముట్లతో, విత్తనాలతో నింపి పల్లెలకు పంపారు. దాన్ని నడిపిన థామస్ కాంప్‌బెల్ అమెరికా ప్రభుత్వ వ్యవసాయ విస్తరణ సేవలో నియమితుడైన తొలి నల్లజాతి ఉద్యోగి. కార్వర్ జీవితమంతా కూడబెట్టిన డబ్బును 1940 ప్రాంతంలో పరిశోధనా నిధికి రాసిచ్చేశాడు. 1943 జనవరి 5న మరణించాక వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయన్ను ఖననం చేశారు.

లెక్కలు రాసినవాడు, ఆసుపత్రి నిలిపినవాడు

1908లో చేరిన మన్రో వర్క్ సమాజశాస్త్రవేత్త. దక్షిణాదిలో మూకలు నల్లజాతివాళ్లను కొట్టి, ఉరితీసి చంపిన ఘటనలను పత్రికల నుంచి ఏరి, ఒక్కొక్కటీ నమోదు చేసి, ఏటేటా దేశానికి వెల్లడించే పనిని ఆయన నిలబెట్టాడు. టస్కీగీ లెక్కల ప్రకారం 1882 నుంచి 1968 వరకు 4,743 మంది మూకల చేతిలో బలయ్యారు. అందులో 3,446 మంది నల్లజాతివాళ్లు. ఈ దారుణాన్ని ఎవరూ కాదనలేకుండా చేసినవి ఈ లెక్కలే.

వాషింగ్టన్ తర్వాత సంస్థ అధిపతి అయిన రాబర్ట్ మోటన్ కాలంలో, 1923లో, నల్లజాతి మాజీ సైనికుల కోసం ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రి తెరిచారు. వైద్యులు, నర్సులు తెల్లవాళ్లే ఉండాలని స్థానికులు పట్టుబట్టారు. తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ ఊళ్లో ఊరేగింపు తీసి బెదిరించింది. మోటన్ బెదరలేదు. మరుసటి ఏడాదికి జోసెఫ్ వార్డ్ అనే నల్లజాతి వైద్యుడు ఆసుపత్రి అధిపతి అయ్యాడు.

రచయితలు, సంగీతకారులు, క్రీడాకారిణులు

రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1891లో మేకన్ కౌంటీలోని నోటసల్గాలో పుట్టింది, ఫ్లోరిడాలో పెరిగింది. సంగీతం చదవడానికి 1933లో గూడ్సు బండి ఎక్కి టస్కీగీ చేరిన రాల్ఫ్ ఎల్లిసన్, 1936లో చదువు పూర్తికాకుండానే న్యూయార్క్ వెళ్లిపోయాడు. ఆయన నవల ‘ఇన్విజిబుల్ మ్యాన్’ 1952లో వచ్చి జాతీయ గ్రంథ పురస్కారం పొందింది. అందులోని కళాశాల టస్కీగీకి ప్రతిరూపం. బానిస ముఖం మీది అజ్ఞానపు తెరను వాషింగ్టన్ ఎత్తుతున్నట్టు 1922లో ఆవరణలో నెలకొల్పిన విగ్రహం నవలలోనూ కనబడుతుంది. ఆ చేయి తెరను ఎత్తుతోందా, దించుతోందా అని కథానాయకుడు సందేహపడతాడు. సంస్థ చెప్పిన ఓర్పు పాఠం మీద దాని విద్యార్థే వేసిన ప్రశ్న అది. ఎల్లిసన్‌ను ఇక్కడికి రప్పించిన సంగీత గురువు విలియం డాసన్ రాసిన ‘నీగ్రో ఫోక్ సింఫనీ’ని 1934లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తొలిసారి వాయించింది.

క్లీవ్ అబట్ శిక్షణలో టస్కీగీ మహిళా అథ్లెట్లు 1930ల చివరి నుంచి జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి తిరుగులేకుండా నిలిచారు. ఇక్కడ శిక్షణ పొందిన ఆలిస్ కోచ్‌మన్ 1948 లండన్ ఒలింపిక్స్ హైజంప్‌లో గెలిచి, ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి మహిళ అయింది. 1956లో మెల్‌బోర్న్‌లో మిల్‌డ్రెడ్ మెక్‌డానియెల్ 1.76 మీటర్లు దూకి ప్రపంచ రికార్డుతో అదే స్వర్ణాన్ని అందుకుంది.

ఆకాశంలో టస్కీగీ

మూడో అధిపతి ఫ్రెడరిక్ ప్యాటర్‌సన్ 1939లో పౌర విమాన శిక్షణను సంస్థకు తెచ్చాడు. నల్లజాతివాళ్లకు యుద్ధ విమానం నడిపే సత్తా లేదని సైన్యాధికారులు వాదిస్తున్న రోజులవి. 1941 మార్చిలో అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ టస్కీగీ వచ్చి, శిక్షకుడు ఆల్‌ఫ్రెడ్ ఆండర్‌సన్ నడిపిన విమానంలో విహరించింది. ఆ ఫొటో దేశమంతా చూసింది. అదే ఏడాది సైనిక శిక్షణ మొదలైంది. 1942 మార్చిలో తొలి జట్టు నుంచి ఐదుగురు పైలట్లు పట్టా పొందారు. వాళ్లలో బెంజమిన్ డేవిస్ జూనియర్ తర్వాత వాళ్ల దళానికే సేనాని అయ్యాడు. మొత్తం సుమారు వెయ్యిమంది పైలట్లు ఇక్కడ తయారయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్లలో కొందరు తోకకు ఎర్రరంగు వేసిన విమానాల్లో ఇటలీ నుంచి ఎగిరి బాంబర్లకు రక్షణగా వెళ్లారు. వాళ్ల సామర్థ్యం నిరూపితమయ్యాక, 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 2007లో ఈ వైమానికులకు అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకం లభించింది.

వైద్యం చేసిన ద్రోహం

1932లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం మేకన్ కౌంటీ పేద రైతుల మీద ఒక అధ్యయనం ప్రారంభించింది. తీసుకున్న 600 మందిలో 399 మందికి సిఫిలిస్ వ్యాధి ఉంది. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. ‘చెడు రక్తానికి’ చికిత్స చేస్తున్నామని నమ్మించారు. భోజనం, ఉచిత పరీక్షలు, అంత్యక్రియల ఖర్చు ఆశ చూపారు. 1940ల చివరికి పెన్సిలిన్ ఈ వ్యాధికి మందుగా స్థిరపడినా ఇవ్వలేదు. రోగం శరీరాన్ని ఎలా తినేస్తుందో చూడడమే వాళ్ల ఉద్దేశం. టస్కీగీ సంస్థ ఆసుపత్రి కూడా ఇందుకు సహకరించింది. పీటర్ బక్‌స్టన్ అనే ఆ విభాగపు మాజీ ఉద్యోగి ఇచ్చిన సమాచారంతో 1972 జులైలో విలేకరి జీన్ హెల్లర్ ఈ వార్తను బయటపెట్టింది. బాధితుల తరఫున న్యాయవాది ఫ్రెడ్ గ్రే దావా వేసి 1 కోటి డాలర్ల పరిహారం రాబట్టాడు. మనుషులపై ప్రయోగాలకు వాళ్ల ఎరుకతో కూడిన సమ్మతి తప్పనిసరి చేసిన నియమాలు ఈ ఘోరం తర్వాతే గట్టిపడ్డాయి. 1997 మేలో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు.

ఆ అధ్యయనం ఇంకా సాగుతున్న రోజుల్లోనే, 1953 నుంచి, కార్వర్ నిధి ప్రయోగశాలలో రసెల్ బ్రౌన్, జేమ్స్ హెండర్‌సన్ హీలా అనే మానవ కణాలను పెద్ద ఎత్తున పెంచి పోలియో టీకా పరీక్షలకు దేశమంతటా పంపారు. సమ్మతి అడగకుండానే ఆ కణాలను సేకరించింది హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ శరీరం నుంచి.

ఓటు తిరిగి వచ్చింది

1950లలో మేకన్ కౌంటీ జనాభాలో ఐదింట నాలుగు వంతులకు పైగా నల్లజాతివాళ్లే. పట్టాలున్న ఆచార్యులు, వైద్యులు కూడా ఓటరు నమోదుకు వెళ్తే గంటల తరబడి వేచి, వట్టి చేతులతో తిరిగొచ్చేవాళ్లు. 1928 నుంచి ఇక్కడ పాఠం చెబుతున్న సమాజశాస్త్ర ఆచార్యుడు చార్లెస్ గోమిలియన్, టస్కీగీ పౌర సంఘాన్ని ముందుండి నడుపుతూ, దావాలు వేస్తూ ఓటర్ల సంఖ్యను కొద్దికొద్దిగా పెంచాడు. ఇది తెల్ల నాయకులకు కలవరం పుట్టించింది. 1957లో శాసనసభ పట్టణ సరిహద్దులను మార్చింది. చతురస్రంగా ఉన్న ఊరు 28 భుజాల వింత ఆకారమైంది. సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు. తెల్ల ఓటరు ఒక్కరూ బయటికి పోలేదు.

జూన్‌లో బట్లర్ చాపెల్ చర్చిలో వేలమంది సమావేశమై, తమను వ్యతిరేకించే తెల్ల వర్తకుల దగ్గర సరుకులు కొనకూడదని తీర్మానించారు. చాలా దుకాణాలు మూతపడ్డాయి. గోమిలియన్ పేరుతో వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాదించినవాళ్లలో ఫ్రెడ్ గ్రే ఉన్నాడు, అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 1955లో మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్‌కు న్యాయవాదీ ఆయనే. ఆమె 1913 ఫిబ్రవరి 4న పుట్టింది టస్కీగీలోనే. 1960 నవంబరు 14న న్యాయమూర్తులంతా ఏకాభిప్రాయంతో, జాతి ప్రాతిపదికన ఓటు లాక్కోవడానికి ఊరి సరిహద్దు గీయడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ రాజ్యాంగ సూత్రం నేటికీ సరిహద్దుల వివాదాల్లో ఆధారంగా నిలుస్తోంది. మరుసటి ఏడాది న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ ఉత్తర్వుతో నమోదు వేగం పుంజుకుంది. 1964లో పట్టణ కౌన్సిల్‌కు ఇద్దరు నల్లజాతి సభ్యులు ఎన్నికయ్యారు.

1966 జనవరి 3న శామ్యూల్ యంగ్ జూనియర్ అనే 21 ఏళ్ల విద్యార్థి, తెల్లవాళ్ల మరుగుదొడ్డి వాడబోయినందుకు పెట్రోలు బంకు దగ్గర కాల్పులకు బలయ్యాడు. నిందితుణ్ని తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ విడిచిపెట్టింది. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో మేకన్ కౌంటీ ఓటర్లు లూషియస్ ఆమర్సన్‌ను షెరీఫ్‌గా, అంటే కౌంటీ పోలీసు అధిపతిగా ఎన్నుకున్నారు. అంతర్యుద్ధానంతర కాలం తర్వాత దక్షిణాదిలో ఎన్నికైన తొలి నల్లజాతి షెరీఫ్ ఆయన. 1970లో ఫ్రెడ్ గ్రే శాసనసభకు, 1972లో జానీ ఫోర్డ్ మేయర్ పదవికి ఎన్నికయ్యారు.

తర్వాతి తరం

గాయకుడు లయొనెల్ రిచీ 1949లో టస్కీగీలో పుట్టి సంస్థ ఆవరణలోనే పెరిగాడు. ఇక్కడి విద్యార్థులతో 1968లో ఏర్పడిన కమడోర్స్ బృందంతో పేరు తెచ్చుకుని, 2012 నాటి తన ఆల్బమ్‌కు ఊరి పేరే పెట్టాడు. సంస్థ 1985లో విశ్వవిద్యాలయం అయింది. దాని ఆవరణ 1974 నుంచి, మోటన్ పేరున్న శిక్షణ విమానాశ్రయం 1998 నుంచి జాతీయ చారిత్రక స్థలాలు.

టస్కీగీ ప్రముఖుల్లో ఇక్కడ పుట్టినవాళ్లు కొద్దిమందే. వాషింగ్టన్, కార్వర్, టేలర్, వర్క్, గోమిలియన్, ఎల్లిసన్ అందరూ బయటినుంచి ఈ బడి కోసం వచ్చినవాళ్లు. వాళ్లను రప్పించగలిగిన బడిని సాధించింది ఒక రేకుపనివాడి దూరదృష్టి. 1880లో ఓటు ఇచ్చి బడి తెచ్చుకోవచ్చని లూయిస్ ఆడమ్స్ చూపాడు. చదువుకున్న పౌరులు పట్టు వదలకుండా పోరాడితే పోయిన ఓటును తిరిగి తెచ్చుకోవచ్చని ఎనభై ఏళ్ల తర్వాత ఆ బడి ఆచార్యులు చూపారు.